బబుల్ మీద 12 బ్లైండ్ల స్టాక్: ఒక కాల్, ఒక ఫోల్డ్, వాటి లెక్క

ఇది పోకర్ (టెక్సాస్ హోల్డెమ్) టోర్నమెంటు సంగతి: ఒక్కొక్కరికి రెండు ముక్కలు, అందరికీ కలిపి బోర్డు మీద అయిదు. బబుల్ అంటే బహుమతి దక్కే స్థానాలకంటే ఒక్కరు ఎక్కువగా మిగిలిన దశ. ఈ కేసులో రెండు హ్యాండ్లు, అంటే రెండు పంపకాలున్నాయి. మొదటిదాంట్లో మధ్యరకం స్టాక్ (చేతిలోని మొత్తం చిప్స్) ఉన్న కుర్రాడు ఆసు-రాణితో ఆల్-ఇన్‌కి (ఎదుటివాడు ఉన్నదంతా పెట్టేసినదానికి) కాల్ చేసి, అంటే సరిపడా తానూ పెట్టి, గెలిచాడు. రెండోదాంట్లో అందరికంటే తక్కువ చిప్స్ ఉన్న ఆయన జాకీ-ఆరు పారేశాడు (ఫోల్డ్). "భలే కాల్ చేశావురా అబ్బాయ్" అని మొదటివాణ్ణి అందరూ భుజం తట్టారు, రెండో ఆయనకి ఓపిక ఎక్కువని మెచ్చుకున్నారు. లెక్క వేస్తే రెండూ తప్పులే. ఇద్దరూ తమ స్టాక్ విలువ ఎంతో సరిగా చూసుకోలేదు.

టోర్నమెంట్ ఏర్పాటు

భీమవరంలో ఆడే పాయింట్ల లీగ్ ఇది. పాలకొల్లు, నరసాపురం, ఆకివీడు, తణుకు నుంచి కూడా వస్తారు. ఎంట్రీ ఫీజు లేదు, నగదు బహుమతి లేదు. 1974 నాటి గేమింగ్ చట్టానికి 2020లో మన రాష్ట్రం చేసిన సవరణ, ఆన్‌లైన్ డబ్బు ఆటల మీద 2025లో కేంద్రం తెచ్చిన చట్టం వచ్చాక డబ్బు పెట్టి ఆడే ప్రశ్నే లేదు. పాయింట్లకు ఆడినా స్టాక్ లెక్కలో తేడా ఉండదు. పై స్థానాలకు ఎక్కువ, కింద స్థానాలకు తక్కువ అని పంచే ఏ టోర్నమెంటుకైనా ఇదే గణితం.

ఆటగాళ్ళు 20 మంది. ఒక్కొక్కరికి 10,000: వందవి పది, అయిదొందలవి ఎనిమిది, వెయ్యివి అయిదు. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే చిప్స్; తక్కువది స్మాల్ బ్లైండ్, ఎక్కువది బిగ్ బ్లైండ్) 15 నిమిషాలకోసారి పెరుగుతాయి: 100/200, 200/400, 300/600, 400/800, 500/1,000, 700/1,400, 1,000/2,000, 1,500/3,000, ఆపైన 2,000/4,000. ఈ తొమ్మిదో లెవెల్లో బిగ్ బ్లైండ్ వేసేవాళ్ళే టేబుల్ మొత్తానికి 4,000 యాంటీ (ముందే వేసే అదనపు చిప్స్) కూడా వేస్తారు. అప్పటికి వందలు, అయిదొందలు తీసేసి అయిదువేల చిప్స్ ఇచ్చేస్తాం. పాయింట్లు: మొదటి స్థానానికి 50, రెండో స్థానానికి 30, మూడో స్థానానికి 20. నాలుగో స్థానానికి సున్నా.

ఒక జాగ్రత్త. ఆఖరి దశలో పెద్ద చిప్స్ ఎప్పుడూ దొంతరల ముందు వరసలో, అందరికీ కనపడేలా ఉండాలి. వెయ్యి చిప్స్ దొంతర వెనక నాలుగు అయిదువేల చిప్స్ దాగితే ఎదుటివాళ్ళకి 20,000 తేడా వస్తుంది. ఈ దశలో అది 5 బిగ్ బ్లైండ్లు. కింద చెప్పే లెక్కలన్నీ దాంతోనే తలకిందులవుతాయి. అనుమానముంటే ముక్కలు చూడకముందే "ఎంతుంది?" అని అడగండి. అడగడం ఆటగాడి హక్కు.

నలుగురు మిగిలినప్పుడు

బ్లైండ్స్ 2,000/4,000. కూర్చున్న వరస, చేతిలో ఉన్న చిప్స్ ఇలా:

ఆకివీడాయన: 12,000 (3 బిగ్ బ్లైండ్లు)
తణుకు మాస్టారు, బటన్ (పంచేవాడి స్థానం) మీద: 60,000 (15)
పాలకొల్లాయన, స్మాల్ బ్లైండ్: 80,000 (20)
నరసాపురం కుర్రాడు, బిగ్ బ్లైండ్: 48,000 (12)

ఒక చుట్టు తిరిగేసరికి ఒక్కొక్కరికి అయ్యే ఖర్చు 2,000, 4,000, యాంటీ 4,000 కలిపి 10,000. ఆకివీడాయన దగ్గర ఉన్నది ఒక చుట్టుకి సరిపడా. పైగా తర్వాతి హ్యాండ్‌లో బిగ్ బ్లైండ్ ఆయనదే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

చిప్స్‌ని పాయింట్లలోకి మార్చే పద్ధతిని ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్) అంటారు. 1973లో డేవిడ్ హార్విల్ గుర్రప్పందేల స్థానాల కోసం ఇచ్చిన సూత్రాన్ని 1987లో మేసన్ మాల్ముత్ పోకర్‌కి వాడాడు. మొదటి స్థానం వచ్చే అవకాశం అంటే మొత్తం చిప్స్‌లో మీ వాటా. కుర్రాడిది 2,00,000లో 48,000, అంటే 24 శాతం. రెండో స్థానానికి ముందు ఒకరు గెలిచేశారనుకుని, ఆయన చిప్స్ పక్కన పెట్టి, మిగిలినదాంట్లో మీ వాటా చూస్తారు. పాలకొల్లాయన గెలిస్తే (0.40), మిగిలిన 0.60లో కుర్రాడి 0.24. మాస్టారు గెలిస్తే (0.30), 0.70లో 0.24. ఆకివీడాయన గెలిస్తే (0.06), 0.94లో 0.24. ఈ మూడు గుణకారాలూ కూడితే 27.8 శాతం వస్తుంది. మూడో స్థానానికీ ఇలాగే ఇద్దర్ని పక్కన పెట్టి చూడాలి. అది 34.3 శాతం. ఇప్పుడు 50, 30, 20తో గుణించి కూడితే కుర్రాడి స్టాక్ విలువ 27.2 పాయింట్లు.

మిగతా ముగ్గురికీ వేస్తే పాలకొల్లు 34.1, తణుకు 30.2, ఆకివీడు 8.5.

వెయ్యి చిప్స్‌కి ఎంత పడిందో చూడండి. పాలకొల్లాయనకి 0.43 పాయింటు, కుర్రాడికి 0.57, ఆకివీడాయనకి 0.71. రొయ్యల్లో 100 కౌంటు (కిలోకి వంద తూగేవి) కంటే 30 కౌంటుకి కిలో రేటు ఎక్కువ పలుకుతుంది, చిప్స్‌లో అది తిరగబడుతుంది. కుప్ప పెరిగేకొద్దీ ఒక్కో చిప్ రేటు పడిపోతుంది. పోగొట్టుకునే చిప్స్ ఖరీదైనవి, గెలుచుకునేవి చవకవి. ఆఖరి దశ ఆటంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మొదటి హ్యాండ్: ఆసు-రాణి కాల్

ఆకివీడు ఫోల్డ్, తణుకు ఫోల్డ్. పాలకొల్లాయన స్మాల్ బ్లైండ్ నుంచి ఆల్-ఇన్ అన్నాడు. కుర్రాడు బిగ్ బ్లైండ్, యాంటీ కలిపి 8,000 అప్పటికే వేసేశాడు, ఇంకా 40,000 ఉంది. చేతిలో వేర్వేరు రంగుల ఆసు-రాణి.

చిప్స్ లెక్కలో ఇది తేలిక. 40,000 పెడితే 92,000 పాట్ (మధ్యలో పోగయ్యే చిప్స్). 43.5 శాతం గెలుపు అవకాశం ఉంటే చాలు. ఏ రెండు ముక్కలమీదైనా ఆసు-రాణికి 64 శాతం దాకా ఉంది. కుర్రాడు ఇంతవరకే ఆలోచించి చిప్స్ ముందుకు తోశాడు.

పాయింట్లలో మూడు దారులూ చూద్దాం.

ఫోల్డ్ చేస్తే అతనికి 40,000 మిగులుతుంది, పాలకొల్లు 88,000 అవుతుంది. కుర్రాడి విలువ 25.1 పాయింట్లు.
కాల్ చేసి గెలిస్తే 92,000, పాలకొల్లు 36,000కి పడిపోతుంది. కుర్రాడి విలువ 36.3.
కాల్ చేసి ఓడితే నాలుగో స్థానం, సున్నా.

25.1ని 36.3తో భాగించండి. 69.1 శాతం. కాల్ చేయాలంటే అంత గెలుపు అవకాశం కావాలి. చిప్స్ లెక్క 43.5 అంటే పాయింట్ల లెక్క 69 అంది. మధ్యలో ఉన్న పాతిక శాతమే బబుల్ మీద పెద్ద స్టాక్ ముందు కూర్చున్నందుకు కట్టే సుంకం. గెలిస్తే చిప్స్ 48,000 నుంచి 92,000కి, దాదాపు రెట్టింపు. పాయింట్లు మాత్రం 27.2 నుంచి 36.3కి, మూడో వంతే పెరిగాయి.

69 శాతం దాటే చేతులు ఎన్నుంటాయి? ఎదుటాయన ఏ రెండు ముక్కలతోనైనా తోస్తున్నాడనే అనుకుందాం. తొమ్మిదుల జతకి 72, ఎనిమిదుల జతకి 69.2. ఎనిమిదులు సరిగ్గా గీత మీద ఉన్నాయి. ఏడుల జతకి 66, అది ఫోల్డ్. ఒకే రంగు ఆసు-రాజుకి 67, అదీ ఫోల్డే. ఇక్కడ చాలామంది నమ్మరు. ఆసు-రాజు పారేయమంటే కోపం కూడా వస్తుంది. కానీ అంకె అంకే. ఆసు-రాణి 64తో ఇంకా కింద ఉంది, కాల్ చేసిన ప్రతిసారీ సగటున 1.7 పాయింట్లు పోతాయి. పాలకొల్లాయన మంచి ముక్కలతోనే తోసేవాడైతే ఆ 64 ఇంకా పడిపోతుంది కాబట్టి కాల్ మరింత తప్పు.

పాలకొల్లాయన తెరిచింది ఒకే రంగు ఎనిమిది-అయిదు. బోర్డు మీద ఆసు పడి కుర్రాడు గెలిచాడు. "చూశావా, చెత్తతోనే తోశాడు" అన్నారు. ఎనిమిది-అయిదు మీద ఆసు-రాణికి 60 శాతం ప్రాంతంలో ఉంటుంది. అంటే ముక్కలు ముందే తెరిచి చూపించి "కాల్ చేస్తావా?" అని అడిగినా ఫోల్డే సరైన జవాబు. అప్పుడు కూడా కాల్ విలువ 21.8, ఫోల్డ్ విలువ 25.1.

మరి ఆ పోయిన పాయింట్లు ఎవరికి చేరాయి? పాలకొల్లాయనకి కాదు. కాల్ రాకపోతే ఆయన విలువ 35.6, ఎనిమిది-అయిదుతో కాల్ పడితే 31.3. ఇద్దరూ నష్టపోయారు. లాభమంతా చేతులు కట్టుకుని చూస్తున్న ఇద్దరిది. ముక్కయినా ముట్టని ఆకివీడాయన విలువ 8.9 నుంచి సగటున 14.7కి ఎగబాకింది. కుర్రాడు ఓడి ఉంటే ఆయనకి మూడో స్థానం ఖాయమై 23.1 అయ్యేది. ఇద్దరు పెద్దలు కొట్టుకుంటే టేబుల్ మీద అందరికంటే చిన్నవాడు బాగుపడతాడు.

ఈ 69 శాతంలో ఒక భాగం 3 బ్లైండ్ల స్టాక్ ఒకటి టేబుల్ మీద ఉండటం వల్లే. అది లేకుండా వేసి చూడండి: పాలకొల్లు 80,000, మిగతా ముగ్గురూ తలా 40,000. అదే బిగ్ బ్లైండ్, అదే ఆల్-ఇన్. ఇప్పుడు కావాల్సింది 60.6 శాతమే. ఆసు-రాణి హాయిగా కాల్, ఆరుల జత కూడా కాల్. మీ ముక్కలు మారలేదు, ఎదుటివాడు మారలేదు. మీ చిప్స్ కొంచెం తగ్గాయి, అయినా అసలు మార్పు మూలన కూర్చున్న చిన్న స్టాక్ లేకపోవడమే. అందుకే కాల్ చేసేముందు ఆల్-ఇన్ అన్నవాడి వైపు చూసే చూపు చాలదు, ఆటలో లేనివాళ్ళ దొంతరలు కూడా లెక్కపెట్టాలి.

ఐసీఎం చూడనివి కూడా చెప్పాలి. ఎవరికి ఎప్పుడు బ్లైండ్ పడుతుందో దానికి తెలియదు. మన కేసులో తర్వాతి హ్యాండ్‌లోనే ఆకివీడాయన 12,000లో 8,000 వేయక తప్పదు, కాబట్టి కుర్రాడికి ఒక్క హ్యాండ్ ఆగడం 69 శాతం చెప్పినదానికంటే ఇంకా లాభం. రెండో వైపు, 92,000తో టేబుల్‌ని బెదిరించి సంపాదించుకునేది కూడా దాని లెక్కలోకి రాదు. అది కాల్ వైపు కొంచెం మొగ్గుతుంది. మా అంచనాలో ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఆసు-రాణి ఫోల్డ్ గానే ఉంటుంది.

పాలకొల్లాయన ఆల్-ఇన్ సంగతి

ఎనిమిది-అయిదుతో తోసినందుకు ఆయన్ని తప్పుపట్టినవాళ్ళున్నారు. తప్పు లేదు. స్మాల్ బ్లైండ్ వదిలేసి ఫోల్డ్ చేస్తే ఆయన విలువ 33.7. తోసి, కుర్రాడు ఫోల్డ్ చేస్తే 35.6. తోసి, కాల్ పడి ఓడితే 23.9. కాల్ పడ్డ ప్రతిసారీ ఓడతాడనుకున్నా, నూటికి 84 సార్లు కుర్రాడు ఫోల్డ్ చేస్తే నష్టం లేదు. కుర్రాడు లెక్కప్రకారం తొమ్మిదుల జత, ఆపైన జతలతోనే కాల్ చేస్తే పేకలో రెండేసి ముక్కలతో వచ్చే 1,326 చేతుల్లో అవి 36. నూటికి మూడు కూడా లేవు. కాబట్టి ఏ రెండు ముక్కలైనా తోయచ్చు.

కుర్రాడు లెక్కలు వినే మనిషి కాదు, ఏ జతైనా, ఏ ఆసైనా కాల్ చేస్తాడు అనుకుందాం. అవి 270 చేతులు, 20 శాతం. అప్పుడు కూడా ఎనిమిది-అయిదుకి కాల్ పడ్డాక మూడో వంతు దాకా గెలిచే అవకాశం ఉంటుంది కాబట్టి లాభమే, బాగా తగ్గిన లాభం. అంతకంటే ఎక్కువ కాల్ చేసేవాడి మీద మాత్రం చెత్త చేతులు తోయడం మానాలి.

అవతల బిగ్ బ్లైండ్‌లో మాస్టారు ఉంటే? ఆయన 60,000తో కాల్ చేయడానికి 71 శాతం కావాలి, కుర్రాడి కంటే ఎక్కువ. రెండో స్థానంలో ఉన్న స్టాకే అందరికంటే ఎక్కువ భయపడాలి. పోగొట్టుకోవడానికి ఆయన దగ్గరే ఎక్కువ ఉంది, ఓడితే 12,000 వాడి కంటే ముందు ఇంటికెళ్ళాలి. పెద్ద స్టాక్ ఉన్నవాళ్ళు చిన్నవాళ్ళని వేధించి రెండోవాణ్ణి వదిలేస్తుంటారు. ఒత్తిడి పెట్టాల్సింది రెండోవాడి మీద.

రెండో హ్యాండ్: జాకీ-ఆరు ఫోల్డ్

ఇప్పుడు స్టాకులు: నరసాపురం 92,000, తణుకు 60,000, పాలకొల్లు 36,000, ఆకివీడు 12,000. ఆకివీడాయన బిగ్ బ్లైండ్, యాంటీ వేశాక చేతిలో మిగిలింది 4,000. తణుకు, పాలకొల్లు ఫోల్డ్. స్మాల్ బ్లైండ్ నుంచి కుర్రాడు ఆల్-ఇన్. ఆకివీడాయన వేర్వేరు రంగుల జాకీ-ఆరు చూసి పారేశాడు. "ఇంకెవరైనా పోతారేమో చూద్దాం" అన్నాడు.

4,000 పెడితే 20,000 పాట్. చిప్స్ లెక్కలో 20 శాతం చాలు. పాయింట్లలో: ఫోల్డ్ చేస్తే 4,000 చిప్స్ విలువ 3.5. గెలిస్తే 20,000, విలువ 13.6. కావాల్సింది 25.6 శాతం. సుంకం అయిదారు శాతమే. కుర్రాడికి పాతిక శాతం పడిన చోటే ఈయనకి ఇంత తక్కువ ఎందుకంటే, ఈయన దగ్గర కాపాడుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఏ రెండు ముక్కలమీదైనా జాకీ-ఆరుకి 48 శాతం దాకా ఉంటుంది. పేకలో అన్నిటికంటే బలహీనమైన రెండు-మూడుకి కూడా 32 ఉంటుంది. కుర్రాడు సగం చేతులతోనే తోస్తున్నాడనుకున్నా జాకీ-ఆరు పాతిక పైనే నిలుస్తుంది. చూడకుండానే కాల్ చేయాల్సిన చోటు. ఫోల్డ్ వల్ల పోయింది సుమారు 3 పాయింట్లు, అంటే ఆయన మొత్తం విలువలో మూడో వంతు.

ఈ తప్పు మన వైపు ఎక్కువ కనిపించడానికి కారణం రమ్మీ అని మా గట్టి అభిప్రాయం. పదమూడు ముక్కలాటలో పెరిగిన చేతులివి. 101 పూల్‌లో ఫస్ట్ డ్రాప్‌కి 20 పాయింట్లే పడతాయి, చెడ్డ ముక్కలొస్తే వెంటనే డ్రాప్ కొట్టడం తెలివైన పని. అక్కడ డ్రాప్ ఖర్చు ముందే తెలుసు. ఇక్కడ బిగ్ బ్లైండ్‌లో ఫోల్డ్ చేస్తే స్టాక్‌లో మూడింట రెండు వంతులు పోయింది, అది ఎక్కడా రాసి ఉండదు.

"ఇంకెవరైనా పోతారేమో" అన్న ఆశ సంగతి కూడా చూడాలి. ఆ ఆశ ఎప్పుడు పనికొస్తుందంటే, మీకంటే ముందు బ్లైండ్ పడే చిన్న స్టాక్ ఇంకోటి ఉన్నప్పుడు. ఇక్కడ తర్వాతి చిన్న స్టాక్ పాలకొల్లాయన, 9 బ్లైండ్లు. ఆకివీడాయన దగ్గర ఒక్క బ్లైండ్, అదీ తర్వాతి హ్యాండ్‌లో స్మాల్ బ్లైండ్ కింద సగం పోతుంది.

అలాగే జరిగింది. తర్వాతి హ్యాండ్‌లో 4,000తో ఆల్-ఇన్ అయ్యాడు, బిగ్ బ్లైండ్‌లో ఉన్న మాస్టారు చేతిలో ఓడి నాలుగో స్థానంతో లేచాడు. ఒకవేళ గెలిచినా దక్కేది 12,000 మాత్రమే: తన 4,000, మాస్టారి 4,000, యాంటీ 4,000. ముందటి హ్యాండ్‌లో అదే గెలుపుకి 20,000 వచ్చేది. చిన్న స్టాక్ ఒక హ్యాండ్ ఆలస్యం చేస్తే గెలిచినా వచ్చే చిప్స్ బాగా తగ్గిపోతాయి. 3 బ్లైండ్లకి దిగేదాకా ఎందుకు ఆగాడన్నది ఇంకో ప్రశ్న. 7, 8 బ్లైండ్లున్నప్పుడు తోస్తే ఎదుటివాళ్ళు ఫోల్డ్ చేసే అవకాశం ఉంటుంది. 3 బ్లైండ్లతో తోస్తే బిగ్ బ్లైండ్‌లో ఉన్నవాడు ఏం పట్టుకున్నా కాల్ చేస్తాడు.

బబుల్ పగిలాక

మిగిలింది ముగ్గురు: నరసాపురం 1,00,000, తణుకు 64,000, పాలకొల్లు 36,000. అందరికీ 20 పాయింట్లు ఖాయం, ఇక ఆడేది పైన ఉన్న 30, 10 కోసం. ఇప్పుడు పాలకొల్లాయన బిగ్ బ్లైండ్‌లో ఉండగా కుర్రాడు ఆల్-ఇన్ అని, మాస్టారు స్మాల్ బ్లైండ్ వదిలేస్తే ఎంత కావాలి? చిప్స్ లెక్కలో 28,000 పెట్టి 70,000, అంటే 40. పాయింట్లలో ఫోల్డ్ విలువ, ఖాయమైన 20 తీసేస్తే, 6.5. గెలిస్తే 13.9. అంటే 47 శాతం. సుంకం 7 శాతానికి దిగిపోయింది. రెండు మూడు హ్యాండ్ల కిందట పారేయాల్సిన ఆసు-రాణి ఇప్పుడు ఆలోచించకుండా కాల్, చాలా ఆసులు, బొమ్మ-బొమ్మ చేతులు కూడా కాల్. బబుల్ భయంతోనే ముగ్గురి ఆట కూడా ఆడేవాళ్ళు ఇక్కడ బ్లైండ్లకే కరిగిపోతారు.

ఇద్దరు మిగిలాక సుంకం పూర్తిగా పోతుంది. రెండో స్థానం ఇద్దరికీ ఖాయం, మిగిలింది ఒక్క 20 పాయింట్ల తేడా. అక్కడ చిప్స్ శాతం ఎంతో పాయింట్ల శాతం అంతే. 43.5 అని చిప్స్ లెక్క చెబితే 43.5కే కాల్ చేయాలి.